చంపినోడి కథ, చచ్చినోళ్ల లెక్క

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా మండల కేంద్రంలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగానికి రాతరూపం)



సభ పెట్టిన తమ్ముళ్లు మమ్మల్ని "పుస్తక పఠనం వల్ల లాభాలు" అనే అంశం మీద మాట్లాడమన్నారు. దాని మీద మాట్లాడితే మీరు నిద్రపోతారు, మేమూ నిద్రపోతాం. ఇరవై ఏళ్లుగా బడిలో అదే చెప్పి చెప్పి మాకే రోత పుట్టింది. అందుకని వాళ్లని అడిగి అంశం మార్చుకున్నాం. హత్యల మీద రాసిన పుస్తకాల గురించి మాట్లాడతాం. నిజంగా జరిగిన హత్యని తీసుకుని నవల మాదిరి రాస్తే జనం ఎందుకు ఎగబడి చదువుతారు? మనమెందుకు చదువుతాం? చదివాక మన దగ్గర ఏం మిగులుతుంది?

ఈ ఆలోచన ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. పోయిన నెల మా తొమ్మిదో తరగతి పిల్లోడొకడు మధ్యాహ్నం బెల్లులో చెట్టు చాటున కూర్చుని చెవుల్లో వైరు పెట్టుకుని సెల్‌ఫోన్లో ఏదో వింటున్నాడు. ఏందిరా అంటే మర్డర్ కథ సార్ అన్నాడు. నిజంగా జరిగిందంట. చెప్పమంటే గడగడా చెప్పాడు. చంపినోడి పేరు, వాడి ఊరు, వాడు ఏ బండి మీద వచ్చాడు, కత్తి ఎక్కడ కొన్నాడు, శవాన్ని ఎన్ని ముక్కలు చేశాడు, అన్నీ. క్విట్ ఇండియా ఏ సంవత్సరమో చెప్పలేని పిల్లోడు తేదీతో సహా చెప్పాడు. మేము ఒక్కటే అడిగాం. చచ్చిపోయిన ఆమె పేరేందిరా? వాడు కాసేపు ఆలోచించి, "పేరు చెప్పారు సార్, గుర్తులేదు" అన్నాడు.

ఆ పిల్లోణ్ణి మేము కొట్టలేదు, ఫోను లాక్కోలేదు. ఎందుకంటే మేమూ ఆ దారిలోంచే వచ్చాం. మా ఇంట్లో మాకంటే ముందు అక్షరం తెలిసినోళ్లు లేరు. నాయనది వేలిముద్ర, అమ్మది వేలిముద్ర. ఇంట్లో అచ్చుకాగితం ఏదన్నా ఉందంటే అది రేషన్ కార్డు. మాకు చదువు మీద ఆశ పుట్టించింది పాఠ్యపుస్తకం కాదు, బస్టాండు పక్కన బడ్డీకొట్టులో తాడుకి వేలాడే అద్దె పుస్తకాలు. మధుబాబు షాడో, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అట్టలు ఊడిపోయి ఎవరు రాశారో తెలియనివి ఇంకెన్నో. చివరి పేజీలు చినిగిపోయి ఉండేవి. హంతకుడెవరో తెలియకుండానే చాలా పుస్తకాలు ముగించాం. పెద్దలు వాటిని చెత్త సాహిత్యం అంటారు. అనుకోనీ. ఆ చెత్తలో తిరిగే మేము వాక్యం చదవడం నేర్చుకున్నాం. కాబట్టి పైనుంచి కిందికి చూసి నీతులు చెప్పడానికి మేము రాలేదు.

అయితే ఆ పుస్తకాలకీ, నిజమైన హత్య మీద రాసిన పుస్తకానికీ తేడా ఉంది. డిటెక్టివ్ నవలలో శవం ఒక సాకు. మొదటి పేజీలో పడి ఉంటుంది. ఆ తర్వాత దాని సంగతి ఎవరికీ పట్టదు, తెలివైన డిటెక్టివ్ గారి తెలివే కథ. కల్పించిన శవానికి అమ్మ ఉండదు, అప్పులుండవు, మర్నాడు ఏడ్చేవాళ్లుండరు. నిజమైన హత్యలో చచ్చినాయన పేరుతో ఒక ఇల్లుంటుంది, ఆ ఇంట్లో ఇంకా బతికున్న మనుషులుంటారు. వాళ్లు కూడా ఆ పుస్తకం చదువుతారు.

ఇట్లాంటి పుస్తకాలన్నిటికీ పెద్దగా చెప్పుకునేది అమెరికాలో ట్రూమన్ కపోటి అనే రచయిత రాసిన 'ఇన్ కోల్డ్ బ్లడ్'. తొణక్కుండా బెణక్కుండా, నిబ్బరంగా చంపడం అని ఆ పేరుకి అర్థం. దాన్ని మేము బి.ఎడ్. చదివే రోజుల్లో హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నాం. మాకొచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం. పక్కన నిఘంటువు పెట్టుకుని మొదలుపెట్టాం. ఇరవై పేజీలు దాటాక నిఘంటువు ఎక్కడ పెట్టామో మర్చిపోయాం. రెండు రాత్రులు హాస్టల్ వరండాలో బల్బు కింద కూర్చుని చదివాం. అంత బలం ఉంది దాంట్లో.

జరిగింది ఇది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం, హాల్‌కోమ్ అనే ఊరు. గోధుమ పండే మైదానం మధ్యలో మూడొందల మంది కూడా లేని పల్లె. అక్కడ హెర్బర్ట్ క్లటర్ అని ఒక పెద్ద రైతు, మన లెక్కలో మోతుబరి ఆసామి. చర్చికి పోయేవాడు, మందు ముట్టనివాడు, తాగేవాణ్ణి పనిలో పెట్టుకోనివాడు. భార్య బానీ, పదహారేళ్ల కూతురు నాన్సీ, పదిహేనేళ్ల కొడుకు కెన్యన్. ఇంకా ఇద్దరు పెద్ద కూతుళ్లు వేరే చోట ఉండేవాళ్లు. 1959 నవంబరు 15, ఆదివారం తెల్లవారుజామున ఇద్దరు మనుషులు ఆ ఇంట్లో చొరబడి, నలుగుర్నీ కట్టేసి, ఒక్కొక్కరినీ కాల్చి చంపారు. ఆ ఇద్దరి పేర్లు డిక్ హికాక్, పెరీ స్మిత్. వాళ్లకి క్లటర్ ఎవరో తెలియదు. అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. క్లటర్ దగ్గర ఒకప్పుడు పనిచేసిన జీతగాడొకడు జైల్లో హికాక్‌తో ఒకే గదిలో ఉన్నాడు. ఆ ఇంట్లో ఇనప్పెట్టె ఉందని, దాంట్లో పదివేల డాలర్లుంటాయని కబుర్లు చెప్పాడు. ఆ మాట పట్టుకుని వీళ్లు ఆరొందల కిలోమీటర్ల పైన కారేసుకుని వచ్చారు. తీరా చూస్తే ఇనప్పెట్టే లేదు. క్లటర్ ఏది కొన్నా చెక్కు రాసేవాడు. నలుగురి ప్రాణాలు తీసి వాళ్లు పట్టుకుపోయింది యాభై డాలర్ల లోపు డబ్బు, ఒక రేడియో, ఒక బైనాక్యులర్స్.

మర్నాడు న్యూయార్క్ టైమ్స్‌లో ఒక చిన్న వార్త పడింది. దాన్ని కపోటి చూశాడు. చిన్నప్పటి స్నేహితురాలు హార్పర్ లీని వెంటబెట్టుకుని కాన్సాస్ బయల్దేరాడు. 1960లో అచ్చయిన 'టు కిల్ ఎ మాకింగ్ బర్డ్' నవల రాసింది ఈమే. చెయ్యని నేరం నెత్తిన పడ్డ ఒక నల్లజాతి మనిషి విచారణ కథ అది. న్యూయార్క్ నుంచి వచ్చిన విచిత్రమైన మనిషి కపోటిని చూసి ఆ పల్లెటూరి జనం తలుపులు వేసుకుంటే, ఆమె వంటింట్లోకి పోయి కూర్చుని వాళ్ల చేత మాట్లాడించింది. పుస్తకం మీద మాత్రం ఒక్క పేరే ఉంది. అంకితంలో ఆమె పేరు వేశాడు, అంతటితో సరిపెట్టాడు.

ఇప్పుడు ఆయన రాసిన తీరు చూడండి. ఎవరు చంపారో దాచలేదు. నలుగురూ చచ్చిపోతారని మొదట్లోనే చెప్పేస్తాడు. అయినా మనం పుస్తకం కింద పెట్టలేం. కారణమేందంటే, ఆయన చావుని వెనక్కి తోసి ముందు బతుకు చూపిస్తాడు. ఆ శనివారం నాడు నాన్సీ పొరుగింటి చిన్నపిల్లకి చెర్రీపండ్లతో పై చెయ్యడం నేర్పింది. కెన్యన్ అక్క పెళ్లికి ఇద్దామని చెక్కపెట్టె తయారుచేస్తున్నాడు. ఆ రోజే క్లటర్ నలభైవేల డాలర్లకి జీవిత బీమా పాలసీ మీద సంతకం పెట్టాడు. రాత్రి పడుకునే ముందు నాన్సీ ఆదివారం చర్చికి వేసుకోవాల్సిన బట్టలు తీసి పెట్టుకుంది. ఒక పేజీలో ఇది, ఇంకో పేజీలో రోడ్డు మీద వచ్చే కారు. ఒక పేజీలో ఇల్లు, ఇంకో పేజీలో తాడు కొంటున్న మనుషులు. మనకి తెలుసు, ఆ పిల్లకి తెలియదు. ఆ పిల్లని కేకేసి చెప్పాలనిపిస్తుంది. ఇంట్లో ఏం జరిగిందో మాత్రం వెంటనే చెప్పడు. వాళ్లు పట్టుబడి నేరం ఒప్పుకునేదాకా, అంటే సగం పుస్తకం దాటేదాకా మనల్ని తిప్పుతాడు. చదివేవాడి మెడకి పలుపు కట్టి తిప్పినట్టే.

దీనికి ఎందుకు లొంగిపోతాం? రక్తం చూడాలనే కోరికని కొందరంటారు. అది కొంతే నిజం. మాకు తోచింది ఇది. మనిషి అన్నవాడికి రాత్రిపూట తలుపు కొడితే భయం. ఆ భయాన్ని పుస్తకంలో పెట్టి, ఇంటి గడియ వేసుకుని, దీపం కింద కూర్చుని చదివితే కాస్త చేతిలోకొచ్చినట్టుంటుంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. గడియ ఉన్న ఇళ్లకే ఆ సుఖం. కారంచేడు మాదిగపల్లెలో 1985 జూలై 17న తలుపులు ఎంతసేపు ఆగాయి? పరుగెత్తినవాళ్లని పొలాల్లో వెంటపడి చంపారు. కాన్సాస్ ఊళ్లో ఆ హత్యల తర్వాత జనం మొదటిసారి తలుపులకి తాళాలు కొనుక్కున్నారని కపోటి రాస్తాడు. అంటే అంతకు ముందు వాళ్లకి భయం తెలియదన్నమాట. పుస్తకంలో మాకు అన్నిటికంటే కొత్తగా అనిపించింది హత్య కాదు, ఆ తాళం లేని ఊరు.

సరే, పెరీ స్మిత్ దగ్గరికి వద్దాం. ఆ పుస్తకం చదివినవాళ్లకి చివరిదాకా గుర్తుండేది పెరీయే. తల్లి చెరోకీ ఆదివాసి, తండ్రి ఐరిష్ మనిషి. తల్లి తాగుడికి బలయిపోయింది. పిల్లోణ్ణి అనాథాశ్రమంలో వేస్తే, పక్క తడుపుకున్నాడని అక్కడి సన్యాసినులు బెల్టుతో కొట్టేవాళ్లు. మోటార్ సైకిల్ ప్రమాదంలో కాళ్లు విరిగి జన్మంతా నొప్పి. గిటారు వాయిస్తాడు, బొమ్మలు వేస్తాడు, నిఘంటువులోంచి కొత్త పదాలు ఏరి రాసుకుంటాడు. పక్కన నిఘంటువు పెట్టుకుని చదువుతున్న మాకు అది చూసి గుండె కలుక్కుమంది. మనోడే అనిపించింది. వాడు నలుగుర్ని చంపాడని తెలిసి కూడా వాడి కోసం ఏడ్చాం. దాచుకోవాల్సిన పనేముంది?

ఏడవడం తప్పని మేము అనడం లేదు. ఫలానావాడు పుట్టుకతోనే నేరస్తుడు అనే మాట మన నేలమీద ఎంత పని చేసిందో మీకు తెలుసు. 1871లో తెల్లదొరలు నేరస్త జాతుల చట్టం తెచ్చి కులాలకి కులాల్నే దొంగలని రాసేశారు. ఎరుకల వాళ్లని తీసుకొచ్చి బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. చట్టం 1952లో పోయింది. పేరు పోయిందా? మన నవలలు, మన సినిమాలు ఆ ఊరి పేరుని ఇప్పటికీ భయం పుట్టించడానికి వాడుకుంటూనే ఉన్నాయి. 2023లో కూడా ఒక దొంగ జీవితం మీద సినిమా వస్తే, మా పిల్లలు బయట ఊరి పేరు చెప్పుకోవాలా వద్దా అని ఆ ఊరివాళ్లు అడగాల్సొచ్చింది. కాబట్టి నేరం చేసినవాడి వెనక ఒక బాల్యం ఉంది, ఒక ఆకలి ఉంది అని చెప్పిన రచయితకి మేము దణ్ణం పెడతాం.

మా పేచీ వేరే చోట ఉంది. కపోటికి పెరీ మీద ప్రేమ పుట్టింది, తన బాల్యమే వాడిలో కనిపించింది. బాగుంది. కానీ పుస్తకానికి ముగింపు కావాలి. 1960 మార్చిలో జ్యూరీ గంటలోపే ఉరిశిక్ష వేయాలని తేల్చింది. తర్వాత అప్పీళ్లతో అయిదేళ్లు గడిచాయి. అయిదేళ్లూ ఆయన వాళ్లకి ఉత్తరాలు రాశాడు, జైలుకి వెళ్లి మాట్లాడాడు, వాళ్ల కథంతా వాళ్ల నోటితోనే రాబట్టాడు. వాళ్లు చస్తేగానీ పుస్తకం పూర్తికాదు. వాయిదా పడినప్పుడల్లా ఆయనకి విసుగు. 1965 ఏప్రిల్ 14న ఇద్దర్నీ ఉరితీశారు. కపోటి అక్కడే ఉన్నాడు. ఆ సెప్టెంబరులో న్యూయార్కర్ పత్రికలో సీరియల్‌గా, 1966 జనవరిలో పుస్తకంగా వచ్చింది. ఆ సంవత్సరం నవంబరులోనే న్యూయార్క్ ప్లాజా హోటల్లో, ధనవంతులందరికీ నలుపు తెలుపు బట్టల్లో ఒక పెద్ద విందు ఇచ్చాడు. ఆ విందుకి కాన్సాస్ నుంచి కేసు పట్టుకున్న పోలీసు అధికారి డ్యూయీ దంపతుల్ని కూడా పిలిచాడు. ఇది చదివినప్పుడు మాకు అన్నం సయించలేదు.

ఇంకొకటి. ప్రతి మాటా నిజమని ఆయన చెప్పుకున్నాడు. పుస్తకం చివర డ్యూయీ శ్మశానానికి పోతే అక్కడ నాన్సీ స్నేహితురాలు కనిపిస్తుంది, ఇద్దరూ మాట్లాడుకుంటారు, గోధుమచేల మీద గాలి వీస్తుంది. బ్రహ్మాండంగా ఉంటుంది. అది జరగనే లేదు, కల్పన. క్లటర్ పెద్ద కూతుళ్లిద్దరూ ఏళ్ల తరబడి ఆ పుస్తకం గురించి నోరెత్తలేదు. మా అమ్మని ఎప్పుడూ మంచాన పడి ఏడ్చే మనిషిగా చూపించాడు, ఆమె అట్లాంటిది కాదు అన్నది ఆ కుటుంబం బాధ. నలుగురు చచ్చారు. ఎవరెట్లా బతికారో తేల్చే హక్కు ఇంట్లోవాళ్లది కాకుండా పోయింది. లోకం మొత్తానికీ ఇప్పుడు బానీ క్లటర్ అంటే కపోటి రాసిన బానీయే.

నిజమైన హత్యల మీద నవల మాదిరి రాసిన మొదటి పుస్తకం ఇదేనని చాలామంది అంటారు. అది కూడా పెద్దింటివాళ్ల లెక్కే. దానికి తొమ్మిదేళ్ల ముందే, 1957లో, అర్జెంటీనాలో రొడోల్ఫో వాల్ష్ 'ఆపరేషన్ మసాకర్' రాశాడు. స్పానిష్ మాటకి మన భాషలో చెప్పుకుంటే నరమేధ చర్య అని. వాల్ష్ ఎవరు? డిటెక్టివ్ కథలు రాసుకునే మనిషి, చదరంగం ఆడే మనిషి. మన బడ్డీకొట్టు సాహిత్యం బాపతే అనుకోండి. 1956 జూన్‌లో అక్కడ సైనిక ప్రభుత్వం మీద ఒక తిరుగుబాటు జరిగి విఫలమయింది. ఆ రాత్రి పోలీసులు ఒక ఇంట్లోంచి కొందర్ని పట్టుకుపోయి, ఊరి బయట చెత్త పోసే చోట నిలబెట్టి కాల్చారు. చాలామందికి తిరుగుబాటు సంగతే తెలియదు, రేడియోలో బాక్సింగ్ పోటీ వినడానికి చేరినవాళ్లు. అయిదుగురు చచ్చారు, ఏడుగురు తప్పించుకున్నారు. ఆరునెలల తర్వాత హోటల్లో కూర్చున్న వాల్ష్ చెవిన ఒకమాట పడింది: కాల్చి చంపినవాళ్లలో ఒకడు బతికే ఉన్నాడట. ఆ మాట పట్టుకుని బయల్దేరాడు.

ఆయన ఏం చేశాడో మీరు శ్రద్ధగా వినాలి. హంతకుడి బాల్యం వెతకలేదు. గడియారం వెతికాడు. వాళ్లని పట్టుకుంది జూన్ 9 రాత్రి పన్నెండు కాకముందు. సైనిక శాసనం అమల్లోకి వచ్చిందని ప్రభుత్వ రేడియో ప్రకటించింది అర్ధరాత్రి దాటాక పన్నెండున్నర వేళప్పుడు. రేడియో కేంద్రం రికార్డు తీసి చూపించాడు. అంటే ఆ శాసనం పుట్టకముందే పట్టుకున్న మనుషుల్ని, ఆ శాసనం పేరు చెప్పి కాల్చేశారు. డిటెక్టివ్ కథల్లో నేర్చుకున్న విద్యంతా ఒక్క అరగంట తేడాని పట్టుకోవడానికి వాడాడు. పెద్ద పత్రికలు వేసుకోలేదు, చిన్న పత్రికలే అచ్చేశాయి, మనలాంటివే. ఇరవై ఏళ్ల తర్వాత, 1977 మార్చిలో, అప్పటి సైనిక నియంతలకి బహిరంగ లేఖ రాసిన మర్నాడే వాల్ష్‌ని వీధిలో అటకాయించి కాల్చారు. శవం ఇంటికి రాలేదు.

రెండు పుస్తకాలూ మేము చదివాం. కపోటి మాదిరి వాల్ష్ నిద్రపోనివ్వకుండా చెయ్యడు, నిజం ఒప్పుకోవాలి. కపోటి గొప్ప పనివాడు. కానీ కపోటి అడిగిన ప్రశ్న వీడెందుకు చంపాడు అని. వాల్ష్ అడిగింది ఎవరు చంపమన్నారు, ఎన్ని గంటలకి చంపమన్నారు, ఏ కాగితం మీద సంతకం పెట్టారు అని. మన ఊళ్లలో జరిగే హత్యలకి ఏ ప్రశ్న సరిపోతుందో మీరే చూడండి.

తమిళనాట కీళ్‌వెణ్మణిలో 1968 డిసెంబరు 25 రాత్రి ఒక గుడిసెలో తలదాచుకున్న దళిత కూలీల్ని, ఆడవాళ్లని, పిల్లల్ని 44 మందిని తగలబెట్టారు. కూలి కింద ఇంకాస్త వడ్లు అడిగినందుకు, ఎర్రజెండా కట్టినందుకు. 1973లో మద్రాసు హైకోర్టు భూస్వాముల్ని వదిలేసింది. కార్లున్న అంతటి పెద్దమనుషులు స్వయంగా నడిచివచ్చి నిప్పుపెట్టారంటే నమ్మడం కష్టమంది. ఆ ఘటన మీద ఇందిరా పార్థసారథి తమిళంలో 'కురుదిప్పునల్' నవల రాశారు, 1977లో సాహిత్య అకాడెమీ బహుమానం వచ్చింది. అందులో భూస్వామి క్రూరత్వానికి కారణంగా ఆయన మగతనంలో లోపాన్ని చూపించారు. చూశారా? వడ్ల కొలతతో మొదలైన సంగతి దొరవారి పడకగదిలో తేలింది. హంతకుడి మనసులోకి దిగిపోతే ఇదే ప్రమాదం. లోపలికి దిగేకొద్దీ బయట పొలం కనిపించదు. చుండూరులో గొడవ సినిమా హాల్లో ముందు సీటుకి కాలు తగలడంతో మొదలయింది. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి, గోతాల్లో కుక్కి, కాలవలో వేశారు. చంపినవాళ్లు వందలమంది. వందలమందికీ వందల బాల్యాలు ఉంటాయి. అన్నీ రాసుకుంటూ పోతే ఆ కాలుకి సీటు తగలడం ఎందుకు నేరమయిందో ఎవరు రాస్తారు?

ఇంత దూరం ఎందుకు, మిర్యాలగూడ సంగతి మీ అందరికీ తెలిసిందే. 2018 సెప్టెంబరు 14న, కులం కాని పిల్లని పెళ్లాడిన దళిత యువకుణ్ణి గర్భవతి అయిన భార్య కళ్లముందే ఆసుపత్రి గుమ్మంలో నరికారు. చంపించింది ఆ అమ్మాయి తండ్రి. 2020లో దాని మీద సినిమా తీస్తున్నామని ప్రకటించారు. ఏ రోజున ప్రకటించారు? ఫాదర్స్ డే నాడు. కూతుర్ని అతిగా ప్రేమించిన తండ్రి కథ అని చెప్పుకున్నారు. ఆ అమ్మాయి మా బతుకు మీద సినిమా తీయొద్దని నల్లగొండ కోర్టు మెట్లెక్కింది. హైకోర్టు దాకా పోయి చివరికి సినిమా విడుదలయింది. 2025 మార్చిలో కోర్టు ఒకడికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. సినిమా ఎప్పుడో వచ్చేసింది, తీర్పు దాని వెనక వచ్చింది. చచ్చిన పిల్లోడు ఏం చదివాడు, ఏం కలలు కన్నాడు అన్నది సినిమాకి పనికిరాలేదు. తండ్రి ప్రేమ పనికొచ్చింది.

ఉరి మాట వచ్చింది కాబట్టి అడ్డం వస్తున్నా. చుండూరు కేసులో 2007 జూలై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్ష పడ్డవాళ్లందర్నీ వదిలేసింది. కాన్సాస్‌లో హత్యకీ తీర్పుకీ మధ్య అయిదు నెలలు కూడా లేవు. ఇక్కడ పదహారేళ్లు పట్టింది, ఆపైన అదీ నిలవలేదు. ఇంత జరిగినా మేము ఉరితాడు అడగడం లేదు. బాబాసాహెబ్ 1949లో రాజ్యాంగ సభలో ఉరిశిక్ష రద్దు చెయ్యడమే మేలన్నారు. ఆ మాట మీదే ఉన్నాం.

మరి మన హత్యల మీద పుస్తకాలు లేవా? ఉన్నాయి. ఖైర్లాంజిలో 2006 సెప్టెంబరు 29న ఒకే ఇంట్లో నలుగుర్ని చంపితే, మొదట పత్రికల్లో వచ్చింది అక్రమ సంబంధం కథ. ఆనంద్ తేల్తుంబ్డే 2008లో పుస్తకం రాసి ఆ కథని ముక్కలుచేశారు. భూమి ఎవరిది, దారి ఎవరిది, పోలీసులు ఎప్పుడొచ్చారు అని వరసబెట్టి రాశారు. వాల్ష్ పద్ధతి. ఇక మన తెలుగులో మన నిజ నేర సాహిత్యం ఏదంటే నిజనిర్ధారణ నివేదికే. నవ్వకండి. పౌరహక్కులవాళ్లు, మనవాళ్లు ఎండల్లో తిరిగి రాసిన పది పన్నెండు పేజీల కరపత్రాలు. న్యూస్‌ప్రింట్ కాగితం, అచ్చుతప్పులు, రెండు రూపాయల వెల. మా ఇంట్లో అట్టపెట్టె నిండా ఉన్నాయి. వాటిల్లో తేదీ ఉంటుంది, టైము ఉంటుంది, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎక్కడెక్కడ గాయాలో ఉంటాయి. అవి లేకపోతే ఏ కేసూ నిలబడేది కాదు. అవి రాసినవాళ్లకి మేమంతా రుణపడి ఉన్నాం.

కానీ ఒకరోజు ఆ పెట్టె ముందేసుకుని కూర్చుంటే ఒక సంగతి తట్టింది. నాన్సీ క్లటర్ చివరి శనివారం ఏం వండిందో మాకు తెలుసు. కెన్యన్ చెక్కపెట్టె చేస్తున్నాడని తెలుసు. ఎక్కడో కాన్సాస్‌లో, మేము పుట్టకముందు చచ్చిపోయిన తెల్లపిల్లలు. మన పక్క తాలూకాలో చచ్చిపోయిన మన పిల్లోడికి తలమీద ఎన్ని అంగుళాల గాయమో తెలుసు, వాడికి ఏ పాట ఇష్టమో తెలియదు. మా తొమ్మిదో తరగతి పిల్లోడికి చచ్చినామె పేరు గుర్తులేదని మేము బాధపడ్డాం. మాకు మాత్రం ఏం గుర్తుంది? గాయాల కొలతలు గుర్తున్నాయి. కపోటి దగ్గర మనం దొంగిలించాల్సింది ఏదన్నా ఉంటే అది ఆ శనివారం. ఆయన విందు ఆయన దగ్గరే ఉండనీ.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పి కూర్చుంటాం. ఇది ఎప్పుడూ సభలో చెప్పలేదు.

మా చిన్నాయన 1989లో హత్యకి గురయ్యాడు. ఒక ఆసామి పొలంలో ఆయిల్ ఇంజను నడిపేవాడు. మూడు నెలల జీతం బాకీ ఉంటే అడిగాడు, గట్టిగా అడిగాడు. మూడోరోజు కాలవగట్టు మీద దొరికాడు. కేసు తాగిన గొడవ కింద పోయింది. ఒక పత్రికలో జిల్లా పేజీలో నాలుగు లైన్లు పడింది. ఆ ముక్కని ఎవరో కత్తిరించి ఇస్తే అమ్మ ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచుకుంది. చదువురాని మనిషి. మరిది పేరు అచ్చులో ఉందని, గొప్పగా రాసుంటారని దాచుకుంది. మేము అయిదో తరగతికి వచ్చి పేపరు చదవడం వచ్చాక, ఒక రాత్రి ఆ ముక్క తీసి చదవమంది. మేము గట్టిగా, బడిలో చదివినట్టు చదివాం. చివరి లైను: అక్రమ సంబంధమే హత్యకు కారణమని భావిస్తున్నారు. అంటే ఏందిరా అని అడిగింది అమ్మ. మాకు తెలియదు. మర్నాడు బడిలో అయ్యవారిని అడిగాం. ఆయన నవ్వి, మీ అమ్మనే అడగమన్నాడు. తర్వాత అర్థం ఎవరు చెప్పారో గుర్తులేదుగానీ, ఆ రోజు సాయంత్రం అమ్మ ఆ ముక్కని పొయ్యిలో పెట్టింది. మేము చదివి వినిపించిన మొదటి రచన అది.

ఆ నాలుగు లైన్లకి జవాబు ఇన్నేళ్లూ రాయలేదు. బాకీ జీతం ఎంత, ఏ తేదీన అడిగాడు, స్టేషన్‌కి ఎవరు పోయారు, ఇవన్నీ కొంత సేకరించాం. ఆ ఇంజను దగ్గర పనిచేసిన ఇంకొకాయన బతికే ఉన్నాడు, ఆయన చెప్పినవీ రాసుకున్నాం. ఈ ఎండాకాలం సెలవుల్లో మాత్రం నోటుపుస్తకం పట్టుకుని అమ్మ దగ్గర కూర్చున్నాం. అమ్మా, చిన్నాయన చావు గురించి కాదు, ముందురోజు ఏం చేశాడో చెప్పు అని అడిగాం. మొదట ఏముందిరా చెప్పడానికి అంది. తర్వాత రెండు గంటలు చెప్పింది. దూరం నుంచి చప్పుడు విని అది ఎవరి ఇంజనో చెప్పేవాడంట. ఆ వారమే పిల్లని చూడ్డానికి పోవాల్సి ఉందంట. ఆ పొద్దున చద్దన్నంలో పచ్చి ఉల్లిపాయ నంజుకుని తిన్నాడంట, ఇంకో ముద్ద పెట్టమంటే లేదని చెప్పిందంట. ఉంది కానీ అది మాకోసం దాచిందంట.

రాసినదంతా చదివి వినిపించాం. నీలం చొక్కా వేసుకుని బయల్దేరాడు అని ఉన్న చోట అమ్మ ఆపింది. "నీలం గాదురా, అది మీ నాయనది. వాడిది గళ్ల చొక్కా. రెండో గుండీ ఊడిపోతే పిన్నీసు పెట్టుకునేవోడు" అంది. కొట్టేసి, గళ్ల చొక్కా అని రాసుకున్నాం.